ఎండకీ, ఘాటీకీ, వానకీ ఆగే రైడింగ్ బట్టలు ఎంచుకోవడం ఎలా

"అన్నయ్యా, మంచి రైడింగ్ జాకెట్టు ఒకటి చెప్పు." ఈ మాట నెలకి నాలుగుసార్లయినా వింటాను. మందుల కంపెనీ పనిమీద ఒడిశాలోని రాయగడ, గుణుపురం, కోరాపుట్, జయపురం మధ్య పదిహేనేళ్ళుగా బండి మీదే తిరుగుతున్నాను కాబట్టి నన్ను అడుగుతారు. ఒక కంపెనీ పేరు చెప్తే పని అయిపోతుందనుకుంటారు. అవదు. మీ రోడ్డు మీద, మీ ఉక్కలో, మీకు విప్పెయ్యాలనిపించనిదే మీకు మంచి జాకెట్టు. అదెలా వెతుక్కోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా తెలివితక్కువతనం చెప్పేస్తాను. ఆరేళ్ళ కిందట విశాఖ వెళ్ళి, షాపులో ఏసీ కింద నిలబడి, నల్లటి మందపాటి జాకెట్టు ఒకటి తొడుక్కుని అద్దంలో చూసి మురిసిపోయి కొన్నాను. ఏప్రిల్ వచ్చేసరికి అది తలుపు వెనక మేకుకి చేరింది. మే నెలలో గుణుపురం రోడ్డు మలుపులో, లారీలోంచి కారిన ఇసుక మీద ముందు చక్రం జారింది. స్పీడు ముప్ఫై కూడా లేదు. హెల్మెట్ ఉంది కాబట్టి తలకేమీ కాలేదు. కుడి అరచేతి తోలు లేచిపోయింది. మోకాలి దగ్గర జీన్స్ చిరిగి లోపల కంకర దిగింది. మూడు వారాలు కుడిచేత్తో అన్నం కలుపుకోలేకపోయాను. జాకెట్టు మాత్రం మేకుకి భద్రంగా ఉంది.

ఏమేం కావాలి

దర్జీ టేపు, కాగితం, మీ సొంత బండి, తీరికగా ఒక గంట. షాపుకి వెళ్తే రోజూ వేసుకునే ప్యాంటుతోనే వెళ్ళండి.

డబ్బు అంతా ఒకేసారి లేకపోతే ఈ వరసలో కొనండి: హెల్మెట్, గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు, మోకాలి గార్డులు, చివర్న జాకెట్టు. చాలామంది జాకెట్టుతో మొదలుపెడతారు, ఫొటోలో అదే కనబడుతుంది కాబట్టి. పడేటప్పుడు మాత్రం ఎవరైనా ముందు చేయి ఆనిస్తారు. ధరలు సుమారుగా చెప్తున్నాను: ముఖమంతా కప్పే ఐఎస్‌ఐ హెల్మెట్ పదిహేను వందల నుంచి, గ్లవ్స్ పదిహేను వందల నుంచి, మోకాలి గార్డులు రెండు వేల చుట్టుపక్కల, గాలి ఆడే జాలీ జాకెట్టు ఆరు నుంచి పదివేలు.

1. ముందు మీ రోడ్డుని కాగితం మీద పెట్టండి

రోజుకి ఎన్ని కిలోమీటర్లు, ఏ వేళ, ఎండలో ఎంతసేపు, ఘాటీ (కొండ ఎక్కే మలుపుల రోడ్డు) ఉందా లేదా. అంతే. పర్లాకిమిడిలో ఉంటూ పాతపట్నం దాకా వెళ్ళొచ్చేవాడికి కావలసింది వేరు, సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి సెమిలిగుడ, సునాబెడ వెళ్ళేవాడికి కావలసింది వేరు. రెండోవాడు డిసెంబరులో కింద చొక్కాతో బయల్దేరి పైన పళ్ళు టకటక కొట్టుకుంటూ దిగుతాడు. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన కొండ దేవమాలి, 1,672 మీటర్లు, ఆ చుట్టుపక్కలే ఉంది మరి. ఒకే రోజులో రెండు కాలాలు చూసేవాళ్ళు మందపాటి జాకెట్టు ఒకటి కొనకూడదు. పల్చటి జాకెట్టు కొని లోపల, పైన పొరలు మార్చుకోవాలి.

2. హెల్మెట్: బిగుతే సుఖం

కనుబొమల మీద ఒక అంగుళం వదిలి, చెవుల పైనుంచి, తల వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోటు మీదుగా టేపు చుట్టండి. ఆ సెంటీమీటర్లు కంపెనీ పట్టీతో పోల్చుకోండి. ఒక కంపెనీలో మీడియం అయినవాడు ఇంకోదాంట్లో లార్జ్ కావచ్చు.

పెట్టుకున్నాక ఇవి చూడండి. బుగ్గలు లోపలికి నొక్కుకుని మాట కాస్త ముద్దగా రావాలి. హెల్మెట్‌ని రెండు చేతులతో పట్టుకుని పక్కకి తిప్పితే నుదుటి చర్మం దానితోపాటు కదలాలి. హెల్మెట్ తిరిగి తల నిలబడిపోతే అది మీది కాదు. పట్టీ పెట్టి, వెనక అంచు పట్టుకుని ముందుకి లాగండి. ఊడి వస్తే కొట్టువాడికి తిరిగి ఇచ్చెయ్యండి. తర్వాత ఇరవై నిమిషాలు అలాగే ఉంచుకోండి, టీ తాగకుండా. తీశాక నుదుటి మధ్య ఎర్రగా రూపాయి బిళ్ళంత మచ్చ ఉండి నొప్పి పెడితే సైజు కాదు, ఆకారమే మీ తలకి నప్పలేదన్నమాట. వేరే మోడల్ చూడండి. బుగ్గల మెత్తలు వాడకంలో వదులవుతాయి, నుదుటి నొప్పి మాత్రం తగ్గదు.

వెనక ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 అనే అంకె, లైసెన్సు నంబరు మూడూ ఉండాలి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అది ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. 2021 జూన్ నుంచి ఈ గుర్తు లేని బైకు హెల్మెట్ అమ్మకూడదు. రోడ్డు పక్క గుట్టలు పోసి అమ్మే టోపీలు చలానా తప్పించుకోవడానికే, ఇప్పుడు అదీ తప్పించవు.

నూనె రాసుకునే తలలు మనవి. లోపలి మెత్తలు ఊడివచ్చే హెల్మెట్ తీసుకోండి, లేదా కింద పల్చటి నూలు టోపీ పెట్టుకోండి. కోరాపుట్ వైపు పొగమంచులో తిరిగేవాళ్ళు పిన్‌లాక్ అనే, ఆవిరి పట్టకుండా లోపల బిగించే రెండో అద్దం పట్టే వైజర్ (హెల్మెట్ ముందు అద్దం) ఉందో లేదో అడగండి. అది లేకపోతే గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వైజర్ లోపలివైపు రాసి, మెత్తటి గుడ్డతో పూర్తిగా కనబడకుండా పోయేదాకా తుడవండి. ఒకటి రెండు రోజులు ఆవిరి పట్టదు. నల్ల వైజర్ రాత్రిపూట వద్దు.

3. గ్లవ్స్

బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టుకొలత తియ్యండి. తొడుక్కుని పిడికిలి బిగించండి. వేళ్ళ మొదళ్ళు లాగకూడదు, వేలి కొనల దగ్గర ఖాళీ మిగలకూడదు. అరచేతి మడమ దగ్గర తోలు గాని గట్టి ప్లాస్టిక్ బిళ్ళ గాని ఉండాలి, ఆనేది అక్కడే. మణికట్టు పట్టీ బిగించి, ఇంకొకరిని వేలి కొనలు పట్టుకుని లాగమనండి. ఊడి వచ్చిన గ్లవ్ పడేటప్పుడు మీకంటే ముందే వెళ్ళిపోతుంది.

అల్లిక గ్లవ్స్ ఎండకి చేతులు నల్లబడకుండా ఆపుతాయి, అంతే. వెల్డింగు గ్లవ్స్ మందంగా ఉంటాయి గాని బ్రేకు ఎంత నొక్కుతున్నామో తెలియదు, వద్దు.

4. బూట్లు: ఇక్కడ తక్కువ ఖర్చులో దారి ఉంది

రైడింగ్ బూట్లు ఖరీదు. సునాబెడ, దమంజోడి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు వేసుకునే సేఫ్టీ షూ చూశారుగా? ఐఎస్ 15298 గుర్తుతో, చీలమండ పైదాకా వచ్చే రకం హార్డువేర్ కొట్లలో వెయ్యి రూపాయల అటూఇటూ దొరుకుతుంది. చెప్పులకంటే, పరుగుల బూట్లకంటే ఎన్నో రెట్లు నయం. కొనేముందు ఒక్కటి చూడండి: ముందు భాగం మరీ లావైతే గేరు రాడ్డు కింద దూరదు. బండి స్టాండు వేసి, కూర్చుని, పదిసార్లు గేరు ఎత్తి దించి చూడండి. లేసులు ముడి వేశాక చివరలు బూటులోకి దోపేయండి. కిక్కుకో, ఫుట్‌రెస్టుకో లేసు తగులుకుని, ఆగిన బండితో సహా పడిపోయినవాళ్ళని చూశాను.

5. మోకాళ్ళు

గంటకి 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 14 మీటర్లు. ఆ వేగంలో పడితే ఆగేలోపు రెండు సెకన్లయినా రోడ్డు మీద ఈడ్చుకుపోతాం. మామూలు జీన్స్ ఒక సెకను ఆగితే గొప్ప. ట్రాక్ ప్యాంటు అయితే కరిగి తోలుకి అంటుకుంటుంది, ఆస్పత్రిలో దాన్ని గీకి తీస్తుంటే తెలుస్తుంది.

రైడింగ్ ప్యాంటు కొనగలిగితే మంచిదే. కానీ ఆఫీసుకో, బడికో వెళ్ళేవాళ్ళు అక్కడికెళ్ళి ప్యాంటు మార్చుకోలేరు. వాళ్ళకి నా సలహా: ప్యాంటు మీంచి కట్టుకునే మోకాలి గార్డులు, దిగగానే విప్పి డిక్కీలో పడేసేవి. నిలబడి చూస్తే అవి కాస్త కిందికి ఉన్నట్టనిపిస్తాయి. కూర్చుని చూడండి. మోకాలి చిప్ప గిన్నె మధ్యలో ఉండాలి, కింద ఎముక మీద జానెడైనా కప్పాలి. ఒక గంట కట్టుకున్నాక మోకాలి వెనక చర్మం ఒరుసుకుంటే పై పట్టీ ఒక గడి వదులు చేసి, కింద పట్టీ బిగించండి. చాలామంది దీనికి ఉల్టా చేస్తారు.

6. జాకెట్టు

మూడు విషయాలు చూడాలి: గుడ్డ, గార్డు, కొలత. మూడోది ఎవరూ చూడరు.

గుడ్డ: లోపలి చీటీలో ఈఎన్ 17092 అని (ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం), పక్కన ఒక తరగతి ఉంటుంది. ఏఏఏ అన్నిటికంటే గట్టిది, వేడి కూడా ఎక్కువే. ఏఏ మధ్యరకం. 'ఏ' తేలిక. 'బి' అంటే 'ఏ' లాంటి గుడ్డే, గార్డులు ఉండవు. సి అంటే గార్డులు మాత్రమే, రాపిడికి గుడ్డ ఆగుతుందన్న మాట లేదు. మన ఎండకి 'ఏ' తరగతి జాలీ జాకెట్టు రోజూ వేసుకోవడం, ఏఏఏ ఇంట్లో వేలాడటం కంటే మేలని నా అభిప్రాయం. ఒప్పుకోని స్నేహితులున్నారు, వాళ్ళు హైవే మీద తొంభైలో వెళ్ళేవాళ్ళు. అంత వేగంలో వెళ్ళేవాళ్ళు ఏఏ కంటే దిగొద్దు. జాలీ ఎక్కడుందో కూడా చూడండి. ఛాతీ మీద, వీపు మీద ఉండాలి. భుజం, మోచేయి మీద గట్టి గుడ్డే ఉండాలి.

గార్డులు: భుజానికీ మోచేతికీ ఈఎన్ 1621-1, వీపుకి ఈఎన్ 1621-2. పక్కన 1 లేదా 2 అని లెవెల్ ఉంటుంది. భుజానికీ మోచేతికీ లెవెల్ 1 గార్డు పరీక్షలో దెబ్బ బలాన్ని 35 కిలోన్యూటన్ల (బలం కొలత) వరకు లోపలికి పోనిస్తుంది, లెవెల్ 2 అయితే 20కి ఆపుతుంది. ఇవి ముట్టుకుంటే మెత్తగా, రబ్బరులా ఉంటాయి, దెబ్బ తగిలినప్పుడు గట్టిపడతాయి. మెత్తగా ఉందని తీసి పారేసి, గట్టి ప్లాస్టిక్ చిప్ప పెట్టుకున్నవాడొకడు జయపురంలో ఉన్నాడు. అసలు మోసం వీపు దగ్గర జరుగుతుంది: చాలా జాకెట్లలో వీపు జేబులో పరుపులో వాడే స్పాంజి ముక్క పెట్టి ఇస్తారు. జిప్పు తీసి బయటికి లాగి చూడండి. దాని మీద అంకె అచ్చు లేకపోతే అది గార్డు కాదు. విడిగా వీపు గార్డు కొనడానికి డబ్బు పక్కన పెట్టుకోండి.

కొలత: అద్దం ముందు నిలబడి చూడకండి. బండి మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని చూడండి. చెయ్యి చాపినప్పుడు మణికట్టు కప్పాలి, నడుము వెనక భాగం బయటపడకూడదు. మోచేతి గార్డుని గుడ్డమీంచే పట్టుకుని మెలితిప్పండి. బొటనవేలు వెడల్పు కంటే ఎక్కువ జరిగితే పడినప్పుడు అది మోచేతిని వదిలేసి పక్కకి పోతుంది. చేతి మీద, నడుం దగ్గర బిగించే బొత్తాలు, పట్టీలు ఉంటాయి. అవి అలంకారం కాదు, గార్డు కదలకుండా పట్టి ఉంచేవి. ఆడవాళ్ళు మగవాళ్ళ స్మాల్ సైజు కొనవద్దు. నడుం దగ్గర బిగుతై, భుజం దగ్గర జారిపోతుంది. ఆడవాళ్ళ కోసం విడిగా కుట్టినవి వస్తున్నాయి.

రాయగడలో కూర్చుని ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళు: ఛాతీ, నడుం, చేతి పొడవు టేపుతో కొలిచి ఆర్డర్ ఇవ్వండి. ఇంట్లో పరీక్ష అయ్యేదాకా ట్యాగు తెంపకండి.

7. ఎండ, వాన, చలి

ఎండ. గాలి వేడి ఒంటి వేడిని దాటాక జాలీలోంచి వచ్చే గాలి చల్లబరచదు, వడగాలే తగులుతుంది. లోపలి బనీను తడిపి పిండి వేసుకోండి, పైన జాకెట్టు వేసి మెడ జిప్పు అర అంగుళం తెరవండి. ముప్పావుగంట హాయి. ఆరిపోతే చెట్టు కింద ఆగి మళ్ళీ తడుపుకోండి. మెడ చుట్టూ తడి గామ్ఛా (పల్చటి తువ్వాలు) మంచిదే, కానీ రెండు కొసలూ జాకెట్టు లోపల ఉండాలి. వేలాడే గామ్ఛా చక్రానికి చుట్టుకుంటే ఉరితాడే. సీసాలో చోడంబలి (రాగి అంబలి) పల్చగా, కాస్త ఉప్పేసి పెట్టుకోండి. మా ఒడియా మిత్రులు దాన్నే మాండియా పేజ్ అంటారు, దారి పొడుగునా ఎవరింటికెళ్ళినా దొరుకుతుంది.

వాన. జాకెట్టు లోపల కలిపి కుట్టిన వాన పొర కంటే పైన వేసుకునే రెండు ముక్కల రెయిన్‌కోటు నయం. లోపలి పొరతో మీరు తడవరు గాని జాకెట్టు నీళ్ళు తాగి బరువెక్కుతుంది, తడి గుడ్డ మీంచి గాలి కొట్టి ఘాటీలో వణికిస్తుంది. పైగా దాన్ని పెట్టుకోవాలంటే వానలో నిలబడి జాకెట్టు విప్పాలి. దుప్పటిలా కప్పుకునే ప్లాస్టిక్ పోంచో అసలు వద్దు, గాలికి లేచి అద్దాన్నీ, ఒక్కోసారి మీ కళ్ళనీ కప్పేస్తుంది. రెయిన్ ప్యాంటు బూటు పైకి రావాలి. ప్యాంటుని బూటులోకి దోపితే నీళ్ళన్నీ అందులోకే. కొన్నాక ఇంట్లో వేసుకుని, కూర్చుని, ఒడిలో చెంబెడు నీళ్ళు పోయించుకోండి. కారేది ఎప్పుడూ కాళ్ళ మధ్య కుట్టు దగ్గరే.

చలి. స్వెట్టరు మీద జాలీ జాకెట్టు వేస్తే గాలి సూటిగా దూరుతుంది. స్వెట్టరుకీ జాకెట్టుకీ మధ్య గాలి ఆపే పల్చటి పొర కావాలి. రెయిన్‌కోటు పై ముక్కే జాకెట్టు మీద వేసుకున్నా సరిపోతుంది, విడిగా కొనక్కర్లేదు. ఏదీ లేకపోతే దినపత్రిక నాలుగు మడతలు ఛాతీ మీద దోపుకోండి. కుందులి సంతకి తెల్లవారుజామున వెళ్ళే మా ఉల్లిపాయల వ్యాపారి ఏళ్ళుగా అదే చేస్తున్నాడు.

8. వెనక కూర్చునేవాళ్ళు

ముందున్నవాడు ఏడువేల జాకెట్టులో, వెనక ఇంటావిడ చీరలో. ఇది మన వీధుల్లో రోజూ చూసేదే. హెల్మెట్ ఇద్దరికీ తప్పనిసరి, లేకపోతే 1,000 రూపాయల జరిమానా, లైసెన్సు మూడు నెలలు పోతుంది. చీర కుచ్చిళ్ళు, చున్నీ కొసలు నడుం దగ్గర పిన్ను పెట్టి దోపేయమనండి. వెనక చక్రాన్ని కప్పే చీర గార్డు అందంగా లేదని పీకించేవాళ్ళున్నారు, ఉంచండి. ఒకవైపు కాళ్ళు పెట్టి కూర్చోవడం కంటే లెగ్గిన్స్ మీద కుర్తా వేసుకుని రెండువైపులా కాళ్ళు వేసుకోవడం మేలు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కిస్తే మీ నడుముకి కట్టుకునే బెల్టు, పిల్ల తలకి సరిపడే హెల్మెట్, 40 దాటని వేగం అని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. పెద్దవాళ్ళ హెల్మెట్‌లో తువ్వాలు కుక్కి పిల్లకి పెట్టొద్దు.

ఎక్కువమంది చేసే తప్పులు

లోపల స్వెట్టరు పడుతుందని ఒక సైజు పెద్దది కొనడం. చలి రెండు నెలలు, వదులు గార్డు మిగతా పది నెలలు.

వీపు సంచిలో తాళం, టిఫిను డబ్బా, సీసా పెట్టుకోవడం. వెనక్కి పడితే అవి సూటిగా వెన్నుపూసకి తగులుతాయి. గట్టి సామాను డిక్కీలో గాని సీటు మీద కట్టిగాని తీసుకెళ్ళండి. ప్యాంటు ముందు జేబులో తాళాలగుత్తి కూడా ఇంతే.

ఉతికినప్పుడు గార్డులు తీసి, మళ్ళీ తిరగేసి పెట్టడం. తీసే ముందు ఫోనులో ఒక ఫొటో తీసుకోండి. నేను ఒకసారి ఎడమ మోచేతిది భుజంలో పెట్టి నెలరోజులు "ఇదేంటి ఒత్తుకుంటోంది" అనుకుంటూ తిరిగాను.

అంతా నలుపు కొనడం. రాత్రి లక్ష్మీపూర్ వైపు దీపాల్లేని రోడ్డు మీద, ఎదురుగా పేపరు మిల్లుకి దుంగలు మోసే లారీ వస్తుంటే మీరు దానికి కనబడరు. లేత బూడిద రంగు ఎండకీ చల్లన. నలుపే ఉంటే వీపు మీద మెరిసే పట్టీ కుట్టించుకోండి.

పడ్డ హెల్మెట్ పైకి బాగానే ఉందని మళ్ళీ వాడటం. లోపలి థర్మాకోల్ ఒక్కసారే నలుగుతుంది, నలిగితే దాని పని అయిపోయినట్టే.

9. సరిపోయిందో లేదో చూసుకోవడం

అన్నీ ఒకేసారి వేసుకోండి, విడివిడిగా కాదు. హెల్మెట్ వెనక అంచు జాకెట్టు కాలరుకి తగులుతుందా అన్నది అప్పుడే తెలుస్తుంది. బండి మీద కూర్చుని ఇంజను ఆపి: ఇండికేటరు నొక్కండి, హారన్ కొట్టండి, బ్రేకు ఒక్క వేలితో పట్టండి, తల తిప్పి వెనక చక్రం చూడండి. ఏదైనా అందకపోతే, తల తిరగకపోతే ఏది అడ్డం పడుతోందో అప్పుడే కనిపెట్టండి.

తర్వాత మధ్యాహ్నం రెండింటికి, పొద్దున్న ఆరింటికి కాదు, ఓ పదిహేను కిలోమీటర్లు తిరిగి రండి. దిగగానే చూడండి. వేళ్ళు తిమ్మిరెక్కితే గ్లవ్ పట్టీ బిగువు. మెడ పక్కన ఎర్ర గీత ఉంటే కాలరు పొడవు. మోకాలి గార్డు చేరెడు కిందికి జారితే పట్టీలు మళ్ళీ సరిచేయాలి. చెమట పట్టడం మామూలే. కళ్ళు తిరిగినట్టున్నా, తలనొప్పి వచ్చినా జాలీ చాలలేదు, ఆ జాకెట్టు తిరిగి పంపెయ్యండి.

వారం తర్వాత ఇంకో పరీక్ష: బజారుకి, రెండు కిలోమీటర్ల పనికి బయల్దేరినప్పుడు చెయ్యి జాకెట్టు వైపు వెళ్ళిందా, ఉత్తి చొక్కాతోనే తాళం తీసుకున్నారా? ఉత్తి చొక్కా అయితే ఏది విసిగిస్తోందో కాగితం మీద రాయండి. నా విషయంలో అది మెడ దగ్గర బొత్తాం. దర్జీ చేత దాన్ని అంగుళం జరిపించుకున్నాను, అప్పట్నుంచి తలుపు వెనక మేకుకి గొడుగు వేలాడుతోంది.